జల్లెడలో బోణీ

ఇలా దగ్గరికి జరగండి పిల్లలూ. ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి, అవెక్కడికీ పోవు. తలుపు దగ్గర కూర్చున్నవాళ్ళు కూడా లోపలికి రండి. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు. మెల్లగా చెబితేనే అందులో మనిషి కనపడతాడు.

ఆ మనిషి పేరు అమీర్ జాన్. ప్రొద్దుటూరు వాడు. దుబాయ్‌లో మట్టి జల్లించే పని. దుబాయ్‌లో మట్టి జల్లించడమేమిటి, అక్కడన్నీ అద్దాల మేడలే కదా అంటారు మీరు. మేడలు సముద్రం వైపు. షార్జా దాటి లోపలికి పోతే ఎర్ర ఇసుక, ముళ్ళచెట్లు, దూరంగా బోడికొండ. అక్కడ మట్టి కింద రెండువేల ఏళ్ళ నాటి ఊరొకటి పడుకుని ఉంది. దాన్ని మెల్లగా లేపడానికి ఏటా చలికాలంలో ఒక తెల్లాయన వచ్చేవాడు. అందరూ ప్రొఫెసర్ అనేవాళ్ళు. ఆయనకు కూలీలను పంపేది ఒక కంపెనీ. దుబాయ్ నగరంలోని అల్ ఖూజ్‌లో కూలీలుండే ఆ కంపెనీ క్యాంపు. తెల్లారకముందే బస్సెక్కితే ఎండ పొడిచే వేళకు తవ్వకం దగ్గర దిగేవాళ్ళు.

రెండువేల ఇరవైమూడు జనవరి. ఆ పొద్దు మంచు ఎంత దట్టంగా ఉందంటే, గుంతలో దిగిన వాళ్ళ తలలు మాత్రమే కనపడుతున్నాయి. గుంతలో వాళ్ళు చిన్న తాపీలతో మట్టిని పొరపొరగా గీకి, చేటలోకి ఎత్తి, బకెట్లలో పోస్తారు. ఆ బకెట్లు అమీర్ జాన్ దగ్గరికి వస్తాయి. మూడు ఇనపకాళ్ళకు గొలుసులతో వేలాడే పెద్ద జల్లెడ ఆయనది. బకెట్ ఒంపి, రెండు చేతులతో అంచు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపుతాడు. ఎర్రమట్టి పొగలా కిందికి దిగిపోతుంది. పైన గవ్వలు, ఎముక ముక్కలు, కాలిన ఖర్జూరపు గింజలు, కుండపెంకులు మిగులుతాయి. వాటిని వేలితో ఒక్కొక్కటిగా పక్కకు జరుపుతాడు. ఇంట్లో బియ్యంలో రాళ్ళేరినట్టే అనుకోండి, కాకపోతే ఇక్కడ రాళ్ళే అక్కరకొచ్చేవి.

ఆ ఏడు ఏమీ దొరకడం లేదు. ప్రొఫెసర్ ఎదురు చూస్తున్నది కాసుల కోసం. అలెగ్జాండర్ పోయాక అతని రాజ్యాన్ని పంచుకున్న గ్రీకు రాజులు కంచు కాసులు కొట్టించారట. అవి ఒంటెల మీదా పడవల మీదా ఈ ఎడారి ఊరిదాకా వచ్చాయా లేదా, అదీ ఆయన ధ్యాస. ఒక్క కాసు కనపడితే మళ్ళీ ఏడాది తవ్వడానికి పైవాళ్ళు ఒప్పుకుంటారని అందరికీ తెలుసు. ఒప్పుకోకపోతే గుంతలు పూడ్చి ఇళ్ళకు పోవడమే.

జల్లెడ పక్కనే గుడారం నీడలో ఒక బల్ల. దాని వెనక సంజన. హైదరాబాద్ పిల్ల, చదువుకుని ఉద్యోగం మీద వచ్చింది. దొరికిన ప్రతిదానికీ చీటీ కట్టి డబ్బాలో పెట్టడం ఆమె పని. అమీర్ జాన్‌ను చాచా అనేది.

"చాచా, ఇయ్యాలన్న బోణీ చెయ్యి," అంది ఆ పొద్దున, చెవులకు శాలువా చుట్టుకుంటూ. "ప్రొఫెసర్ మొహం చూస్తలేవా? పెళ్ళికూతురు పారిపోయిన పెళ్ళికొడుకు లెక్క కూసున్నడు."

"నా చెయ్యి మంచిదే తల్లీ. ఆ మట్టిదే మనసు మంచిది కాదు," అన్నాడు అమీర్ జాన్.

"మట్టికి ఛాయ్ పోయించమంటవా?"

"ముందు నాకు పోయించు. నేను దానికి చెప్తా."

గుంత గట్టు మీద నిలబడ్డ ఫోర్‌మన్ నూర్ మొహమ్మద్ నవ్వాడు. ఆయనదీ హైదరాబాదే. "యల్లా యల్లా, జల్ది కానియ్యండ్రి, ముచ్చట్లు బస్సుల పెట్టుకోండ్రి," అని బకెట్ అందించాడు.

ఆ బకెట్లోనే ఉంది.

ఊపుతుండగా గవ్వల మోతలో చిన్న తేడా వినిపించింది. అమీర్ జాన్ జల్లెడ ఆపాడు. ఒక పెంకు కింద, శనగబద్దంత పచ్చదనం. వేలితో పెంకును జరిపితే మొత్తం బయటపడింది. చిలుము పట్టిన కంచు కాసు, బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దది. రుద్దకూడదు, తడి చేయకూడదు అని ప్రొఫెసర్ మొదటిరోజే చెప్పి ఉన్నాడు. అమీర్ జాన్ రుద్దలేదు. వెలుగుకు వంచి చూశాడంతే. చిలుము లేచిపోయినచోట ఒక కాలు, తొండం, వంగిన వీపు. ఏనుగు! ఈ ఇసుకలోకి ఏనుగెట్లా వచ్చిందిరా నాయనా అనుకున్నాడు. ఆయన పెదాలు వాటంతటవే బిస్మిల్లా అన్నాయి. కాసును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని కుడికంటికి అద్దుకున్నాడు, ఎడమకంటికి అద్దుకున్నాడు. అద్దుకున్న చెయ్యి చొక్కా జేబులోకి పోయింది.

మన అంగళ్ళలో పొద్దున్నే మొదటి బేరం పైసలు ఏం చేస్తారు? కళ్ళకద్దుకుని జేబులో వేసుకుంటారు, ఆ రోజంతా చల్లగా సాగాలని. ప్రొద్దుటూరులో తోపుడుబండి మీద సపోటాలు అమ్మినన్నాళ్ళూ ఆ చెయ్యి చేసిన పని అదే. చెయ్యికి దుబాయ్ తెలియదు, తవ్వకం తెలియదు. వేళ్ళు జేబు అడుగు తాకినప్పుడు ఆయనకు మెలకువ వచ్చింది. అయ్యో, ఇది నాది కాదు కదా అని తీయబోయాడు.

"జేబులో ఏముంది?"

వెనక ముదీర్ నిలబడి ఉన్నాడు, మేనేజర్‌ను అక్కడ అట్లా అంటారు. రాకేశ్ అని, కంపెనీ తరఫున కూలీలందరి మీదా అధికారి, ఢిల్లీ వైపు వాడు. ఎప్పుడో గాని రాడు, ఆ పొద్దే వచ్చాడు, ప్రొఫెసర్‌ను వెంటబెట్టుకుని. అమీర్ జాన్ చెయ్యి ఇంకా జేబులోనే ఉంది.

"తియ్."

తీశాడు. అరచేతిలో పచ్చగా కాసు. ప్రొఫెసర్ కాసును చూసి ముందు నవ్వాడు, తర్వాత ఆ చెయ్యి ఎక్కడినుంచి వచ్చిందో గుర్తొచ్చి నవ్వు ఆపేశాడు. ఆ రెండూ ఒకే మొహం మీద అంత దగ్గర దగ్గరగా అమీర్ జాన్ ఎన్నడూ చూడలేదు.

గుడారంలో నిలబెట్టారు. రాకేశ్ హిందీలో గట్టిగా అడిగాడు. "ఇంతకుముందు ఎన్ని తీశావ్? ఎవరికి అమ్మావ్?"

"సాబ్, బోణీ అని..." అన్నాడు అమీర్ జాన్. రాకేశ్ చెయ్యెత్తి ఆ మాట అక్కడే ఆపేశాడు. నూర్ మొహమ్మద్ వైపు చూశాడు. చెప్పు భాయ్, నువ్వు చెప్పు అన్నట్టు. నూర్ మొహమ్మద్ తన బూటు మీది మట్టి చూసుకుంటూ, పెదాలు కదలకుండా, "సప్పుడు చెయ్యకు. మాట పెరిగితే పోలీస్ అంటడు," అన్నాడు.

ప్రొఫెసర్ సంజన వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగాడు. నువ్వు పక్కనే ఉన్నావు కదా, ఏం చూశావు?

అమీర్ జాన్ గుండె కుదుటపడింది. ఈ పిల్ల చూసింది. కాసు కళ్ళకద్దుకునేటప్పుడు ఈ పిల్ల మొహం వెలిగింది కూడా, ఓరకంట కనపడింది ఆయనకు. బోణీ చెయ్యమన్నదే ఈ పిల్ల. ఇప్పుడు రెండు ముక్కలు చెబితే చాలు.

సంజన చేతిలోని చీటీ దారాన్ని వేలికి చుట్టుకుంది, విప్పుకుంది. రాకేశ్‌ను చూసింది, ప్రొఫెసర్‌ను చూసింది.

"జేబులో పెట్టుకోవడం చూశాను," అంది.

ఆ మాత్రం ఇంగ్లీషు అమీర్ జాన్‌కు అర్థమవుతుంది. ఇంకేదో అంటుందని ఆమె నోటికేసే చూస్తూ నిలబడ్డాడు. ఆమె తల వంచి డబ్బా మూత తీసి, కాసును అందులో పెట్టి, చీటీ కట్టింది. అబద్ధం ఒక్కటీ లేదు పిల్లలూ ఆ మాటలో. అదే ఆయన్ని కోసేసింది.

ప్రొఫెసర్ మంచివాడు, పోలీసులు వద్దన్నాడు. ఇక ఈ మనిషి తవ్వకానికి రాకూడదన్నాడు. అమీర్ జాన్‌ను బస్సులో కూర్చోమన్నారు. అద్దంలోంచి చూస్తే తన జల్లెడ దగ్గర ఇంకొకడు నిలబడి ఉన్నాడు. వాడు మరీ జోరుగా ఊపుతున్నాడు. అట్లా ఊపితే పెంకులు విరుగుతాయి. కిటికీ తెరిచి చెబుదామని లేచాడు, ఏ మొహంతో చెప్పాలని మళ్ళీ కూర్చున్నాడు.

క్యాంపుకు బస్సు చేరేలోపలే కబురు చేరింది. అన్నం వడ్డించే అబ్దుల్ రహీం నెల్లూరు వాడు, నోటి దురుసు ఎక్కువ.

"రాండి రాండి అమీర్ భాయ్! బంగారమంట గదా? మాకు గూడా ఒకటి చూపీకూడదా?"

"కంచుబ్బా," అన్నాడు అమీర్ జాన్.

అందరూ పగలబడి నవ్వారు. కంచే అని చెప్పినవాడు తీశానని ఒప్పుకున్నట్టే కదా వాళ్ళ లెక్కన. ఆయనకది తర్వాత తట్టింది. పళ్ళెం పట్టుకుని గదికి పోయాడు. పక్క మంచం వాడు, మంచివాడే పాపం, తన పెట్టెను కాలితో మంచం కిందికి కాస్త లోపలికి నెట్టుకున్నాడు. చూడలేదనుకున్నాడు. అమీర్ జాన్ చూశాడు.

మర్నాడు భార్య సైదున్నీసా ఫోన్ చేసింది. వాళ్ళిద్దరూ ఇంట్లో ఉర్దూలోనే మాట్లాడుకుంటారు గాని, కోపానికీ కష్టానికీ తెలుగులోకి వస్తారు.

"నువ్వేంది, ఈ పొద్దు పన్లోకి పోలా? వెనక ఫ్యాను సప్పుడు వినొస్తాంది."

దాచలేకపోయాడు. చెప్పాడు. ఆమె ముందు నవ్వింది. "బోణీ చేసుకుంటివా! ఆడ గూడా! ఓరి నీ బండి పాడుగాను." తర్వాత నవ్వు ఎక్కడ ఏడుపయిందో ఫోన్లో తెలియలేదు. "ఎవురూ చెప్పలేదా? తెలుగు పిల్ల ఉండాదంటివే, చాచా అంటాదంటివే?"

"ఉండాది."

"మరి?"

"చూసినానని చెప్పింది. జేబులో పెట్టుకోవడం."

"ఇంటికి పంపిచ్చేస్తే పంపిచ్చనీ," అంది ఆమె. "దొంగోడని మాత్రం పంపిచ్చగూడదు. ఆ మాట యాడికైనా ఎంటబడి వచ్చాది. మన అస్మాకు సంబంధం చూసేవాళ్ళు అడగరా? నీ నాయన ఎందుకొచ్చేసినాడమ్మా అని?"

"అడుగుతారు."

"ఎట్లయినా ఆ మాట తీపిచ్చుకోని రా."

కంపెనీ ఆయన్ని గోదాములో వేసింది. ఏం చేయాలో తేల్చేదాకా అక్కడ ఉండమని రాకేశ్ మాట. సిమెంటు బస్తాలు ఒకచోటు నుంచి ఇంకోచోటికి మార్చే పని. బస్తా దించి, చేతులు దులుపుకునేటప్పుడు చుట్టూ చూసి, రెండు చేతులూ అందరికీ కనపడేలా ముందుకు చాచి దులుపుకునేవాడు. జేబుల్లో చేతులు పెట్టడం మానేశాడు. ఫోన్ కూడా చేతిలోనే పట్టుకుని తిరిగాడు. ఎవరూ చెప్పలేదు అట్లా ఉండమని. చెయ్యే నేర్చుకుంది.

శుక్రవారం పొద్దున క్యాంపు గేటు దగ్గర నీకోసం ఆడమనిషి వచ్చిందంటే, ఎవరబ్బా అని పోయాడు. సంజన. ట్యాక్సీ పక్కన ఎండలో నిలబడి ఉంది. లుంగీలతో, బ్రష్షులు నోట్లో పెట్టుకున్న మగవాళ్ళంతా చూస్తున్నారు. అమీర్ జాన్ ఆమెను గోడ నీడకు రమ్మన్నాడు.

"చాచా, మా నాయినది కిరాణా కొట్టు. మల్కాజిగిరిల. రోజు పొద్దుగాల చూసేదాన్ని, కళ్ళకద్దుకునుడు. మీరు అద్దుకుంటుంటే మా నాయినే కనపడ్డడు నాకు."

ఆయన తన చేతుల కేసి చూసుకున్నాడు.

"అది నోటి దాంక వచ్చింది. ఇంగ్లీష్‌ల చెప్పబోతే మస్తు చిన్నగ అనిపించింది. ఇదేం మూఢనమ్మకం అంటరనుకున్న. నువ్వు గూడ అదే బాపతా అన్నట్టు చూస్తరనుకున్న." ఆమె కళ్ళు నిండాయి. "నిన్న చెప్పిన. ప్రొఫెసర్‌కు అంత చెప్పిన. మా నాయిన సంగతి గూడ చెప్పిన. ఆయన నమ్మిండు చాచా. ముదీర్‌కు ఫోన్ చేసిండు. రేపు మీరు రావాలె."

అమీర్ జాన్ గోడకు చెయ్యి ఆనించాడు. "ఆ మాట తీసేసినట్టేనా తల్లీ?"

"రేపు అందరి ముందట తీసేస్తరు."

ఆమెను తిట్టాలని ఎన్నిసార్లు అనుకున్నాడో. తీరా ఎదురుగా నిలబడితే, ఎండకు కందిన ఆ చిన్న మొహం చూసి, "నీళ్ళు తాగుతావా?" అన్నాడు.

మర్నాడు తవ్వకం దగ్గర అందరూ ఉన్నారు. ప్రొఫెసర్ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుని క్షమించమన్నాడు. రాకేశ్ కూడా ఉన్నాడు, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, మనసులో మాట పైకి తెలియనివ్వకుండా. పక్కన మూడుకాళ్ళ మీద ఒక కెమెరా.

ప్రొఫెసర్ ఉత్సాహంగా ఏదో చెప్పాడు. సంజన తెలుగులో చెప్పింది, గొంతు తగ్గించి.

"చాచా, ఆయనకు ఇది శానా నచ్చింది. అప్పట్ల గ్రీకోళ్ళ కాసులు పట్టుకున్న బేరగాళ్ళు గూడ ఇట్లనే చేసేటోళ్ళేమో అంటున్నడు. రాసుకుంటడంట. ఒక్కసారి... మళ్ళ చేసి చూపిస్తరా అంటున్నడు. ఆ కాసుతోటి."

"బోణీ అయిపోయింది గదా తల్లీ," అన్నాడు అమీర్ జాన్. "అది చేసి చూపిచ్చేదా?"

రాకేశ్ కళ్ళద్దాలు సర్దుకుని హిందీలో, "చెయ్యనీ. నిజంగా అలవాటే అయితే చెయ్యడానికేం?" అన్నాడు.

అందరూ ఆయన్నే చూస్తున్నారు. గుంతలోవాళ్ళు గట్టు మీదికి వచ్చారు. ఆ చూపుల్లో సగం ఇంకా నమ్మనివే. చెయ్యకపోతే ఏమవుతుందో ఆయనకు తెలుసు. సైదున్నీసా మాట చెవిలో ఉంది.

సంజన డబ్బా మూత తీసింది. ఏనుగు ఇప్పుడు బాగా కనపడుతోంది, చిలుము కొంత తీశారు. వెనకవైపు తల మీద ఆకుల దండ కట్టుకున్న ఒక కుర్రాడి మొహం. అమీర్ జాన్ దాన్ని రెండు వేళ్ళతో తీసుకున్నాడు. కుడికంటికి అద్దుకున్నాడు. ఎడమకంటికి అద్దుకున్నాడు. జేబులో వేసుకున్నాడు.

చప్పట్లు కొట్టారు. ప్రొఫెసర్ వేలెత్తాడు. వెలుతురు ఎదురుగా వచ్చిందట, కాస్త ఇటు తిరిగి మళ్ళీ ఒక్కసారి.

తిరిగాడు. మళ్ళీ అద్దుకున్నాడు.

ఈసారి త్వరగా చేశాడట. మెల్లగా, కళ్ళు మూసుకుని. అలాగే చేశాడు. కళ్ళు మూసుకున్నప్పుడు బిస్మిల్లా అనాలని చూశాడు, రాలేదు. రెప్పకు తగిలింది చల్లని కంచు ముక్క. అంతే.

"చాలు," అంది సంజన, ఇంగ్లీషులో, ఎవరూ అడగకుండానే. ఆ మాట ఆమె నోట కొంచెం గట్టిగానే వచ్చింది. ప్రొఫెసర్ ఆశ్చర్యంగా చూసి, సరే సరే అని కెమెరా ఆపించాడు. రాకేశ్ అమీర్ జాన్ భుజం తట్టి, "ఖలాస్. అంతా సాఫ్," అన్నాడు. నూర్ మొహమ్మద్ వచ్చి, "నేను జెప్తే నా పని గూడ పోతుండె భాయ్," అంటే, "తెలుసులే," అన్నాడు అమీర్ జాన్. మాట తీసేశారు. అడిగినది ఇచ్చేశారు. ఇంటికి ఫోన్ చేసి చెప్పాడు కూడా. సైదున్నీసా అల్లాకు మొక్కుకుంది.

జల్లెడ మళ్ళీ ఆయన చేతికి వచ్చింది. ఊపే పద్ధతి అదే, ఆపే పద్ధతి అదే. గవ్వలు, పెంకులు, ఖర్జూరపు గింజలు. మధ్యాహ్నం ఎండ నడినెత్తికి రాకముందు మోతలో తేడా వినిపించింది. ఆపాడు. పెంకుల మధ్య ఇంకో పచ్చటి కాసు, మొదటిదానికంటే పెద్దది.

ఆయన రెండు చేతులూ జల్లెడ మీదినుంచి తీసి, రెండడుగులు వెనక్కి వేసి, చేతులు పైకి కనపడేలా పట్టుకున్నాడు.

"అమ్మా," అని పిలిచాడు సంజనను. తల్లీ అనలేదు. "ఏదో ఉండాది. మీరొచ్చి తీసుకోండి."

సంజన బల్ల వదిలి వచ్చింది. జల్లెడలోకి చూసింది, ఆయన చేతులు చూసింది. "చాచా, మీరే తియ్యండి. మీకే దొరికింది."

"నేను మట్టి జల్లించేవాడినమ్మా. మీరు తీసుకోండి."

చివరికి ఆమే వంగి తీసింది. ఆయన చేతులు అట్లాగే గాలిలో ఉన్నాయి, ఆమె డబ్బా మూత పెట్టేదాకా.

ఇదీ అమీర్ జాన్ కథ. గుర్తుంచుకోండి పిల్లలూ, మీ వాళ్ళకు చెప్పండి. ఒక మనిషి దొంగతనం చేయలేదని చెప్పండి, చేయలేదని అందరి ముందూ ఒప్పుకున్నారనీ చెప్పండి. ఒక్కటే అడుగుతాను. ఆయన కాసు కళ్ళకద్దుకున్న చోటికి వచ్చినప్పుడు మీరు చెయ్యెత్తి చేసి చూపించకండి. నోటితో చెప్పండి, చాలు.